చిన్న కెమెరా కావాలి, బడ్జెట్ తక్కువ. వాడేది మా అమ్మ, తీసేది ఇంట్లో పరిగెత్తే పిల్లాణ్ని

#1 మల్లెపందిరి

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాన్నాళ్లుగా చదువుతున్నాను, అడగడం మాత్రం ఇదే మొదటిసారి.

మా బాబుకి ఏడాదిన్నర. నేనూ మా ఆయనా ఆఫీసుకి వెళ్లిపోతే రోజంతా వాణ్ని చూసుకునేది మా అమ్మే. ఆర్నెల్ల కిందట వాడు ఏ ఆసరా లేకుండా మొదటి నాలుగడుగులు వేసింది కూడా ఆవిడ కళ్ల ముందే. సాయంత్రం వచ్చి అమ్మ ఫోన్ తెరిస్తే మూడు ఫొటోలు ఉన్నాయి. ఒకదాంట్లో ఆవిడ బొటనవేలు, ఇంకోదాంట్లో నేల. మూడోదాంట్లో బాబు ఉన్నాడు గానీ ముఖం అలికేసినట్టుంది. ఇప్పటికీ ఆ ఫొటో కనబడితే అమ్మ మొహం చిన్నబోతుంది.

ఆవిడకి వేలి చివర్లు బాగా పొడిబారి ఉంటాయి, టచ్ సరిగ్గా పట్టదు. లాక్ తీసి కెమెరా తెరిచేలోపు వాడు గది దాటేస్తాడు. పైగా చేతిలో ఫోన్ కనబడితే చాలు, ఆట మానేసి దానికోసం మీద పడతాడు. అందుకే బటన్ నొక్కితే ఫొటో పడే చిన్న కెమెరా ఒకటి కొనివ్వాలని ఉంది. ఎక్కువగా ఇంట్లోనే, సాయంత్రాలు లైటు వెలుతురులోనే తీస్తారు. బరువు ఉండకూడదు. మధ్యరకం ఫోన్‌కి పెట్టే డబ్బు దాటలేను.

ఆన్‌లైన్‌లో రెండు చూశాను. పేరు వినని కంపెనీది ఒకటి చాలా చవగ్గా ఉంది: 64 మెగాపిక్సెల్, 4కె వీడియో, 16ఎక్స్ జూమ్. రెండోది సోనీ డబ్ల్యూ830, 20 మెగాపిక్సెల్. అంకెలు చూస్తే మొదటిదే మేలనిపిస్తోంది. మీరేమంటారు?

#2 ఆదివారం_ఫొటో

మల్లెపందిరి గారూ, మొదటిది మాత్రం కొనకండి. అచ్చం అలాంటిదే నేను మా మేనల్లుడికి కొనిచ్చాను. డబ్బా మీద 64 అని ఉంది. ఫైల్ కూడా నిజంగానే 64 మెగాపిక్సెల్ సైజులో వస్తుంది. కానీ లోపలి సెన్సర్‌కి, అంటే వెలుతురు పడి బొమ్మ తయారయ్యే చిప్‌కి, అంత శక్తి లేదు. అది తీసిన చిన్న బొమ్మనే సాఫ్ట్‌వేర్ సాగదీసి పెద్ద ఫైల్ చేస్తుంది. కంప్యూటర్‌లో పెట్టి పెద్దది చేసి చూస్తే కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా ఉండవు, మైనం పూసినట్టు ఒకే ముద్ద.

నేను కొన్నదానికి ఫోకస్ కదలదు. ఒక దూరానికి బిగించేసి ఉంటుంది. పిల్లాడు దగ్గరికొస్తే మసకే. 16ఎక్స్ అన్నది డిజిటల్ జూమ్, అంటే ఫొటో మధ్యలోంచి ముక్క కోసి పెద్దది చేయడం. లెన్స్ అసలు కదలదు.

ఏ కెమెరా చూసినా వివరాల్లో "ఆప్టికల్ జూమ్" ఎంతో, సెన్సర్ సైజు ఎంతో రాసి ఉందా అని చూడండి. ఆ రెండూ దాచి మెగాపిక్సెల్ ఒక్కటే పెద్దక్షరాల్లో రాశారంటే పక్కన పెట్టేయండి.

#3 గువ్వల_వేట

జూమ్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. జేబులో పట్టే కెమెరాల్లో జూమ్ కావాలంటే కెనాన్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్ ఉంది. 2018లో వచ్చింది, 24 నుంచి 960 మి.మీ. దాకా (లెన్స్‌కి ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనబడతాయి), 40 రెట్ల ఆప్టికల్ జూమ్. దాని ముందు వచ్చిన ఎస్‌ఎక్స్720, 730 కూడా 40 రెట్లే, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. నేను చెట్టు చివర వాలిన పిట్టల్ని ఇలాంటిదాంతోనే తీస్తాను. రేపు బాబు స్కూల్లో స్టేజీ ఎక్కినప్పుడు వెనక వరసలోంచి తీయాలంటే ఫోన్ పనికిరాదు, ఇది పనికొస్తుంది. కొనేటప్పుడే ముందుచూపుతో కొనండి అక్కా.

#4 పాత_లెన్స్

గువ్వల తమ్ముడూ, పిట్టలకి నీ మాట నిజమే. ఆవిడ అడిగింది మాత్రం లైటు వెలుతురులో నాలుగు గోడల మధ్య పరిగెత్తే పిల్లాడి గురించి. అక్కడ కావలసింది దూరం కాదు, వెలుతురు.

అమ్మా మల్లెపందిరీ, నేను చాలా ఏళ్లు కెమెరాల రిపేరు పని చేశాను. నా దగ్గరికి వచ్చి "ఫొటోలు మసగ్గా వస్తున్నాయి, కెమెరా పాడైంది" అన్నవాళ్లలో చాలామంది కెమెరాకి ఏ జబ్బూ లేదు. సాయంత్రం ఇంట్లో తీస్తున్నారు, అంతే. వెలుతురు తక్కువైతే కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ లోపు పిల్లాడు కదిలిపోతాడు. మీ అమ్మగారి మూడో ఫొటోలో జరిగింది ఇదే అయ్యుంటుంది. అందులో ఆవిడ తప్పేం లేదని నా మాటగా చెప్పండి.

లెక్క చూపిస్తాను. మీరన్న డబ్ల్యూ830లో సెన్సర్ 1/2.3 అంగుళాల రకం. కొలిస్తే దాదాపు 6.2 × 4.6 మి.మీ., అంటే 28 చదరపు మి.మీ. 2012లో సోనీయే తెచ్చిన ఆర్‌ఎక్స్100లో ఉన్నది 1 అంగుళం రకం. 13.2 × 8.8 మి.మీ., 116 చదరపు మి.మీ. నాలుగు రెట్ల పైమాటే. ఇక లెన్స్ సంగతి. జూమ్ చేయనప్పుడు డబ్ల్యూ830ది ఎఫ్/3.3, ఆర్‌ఎక్స్100ది ఎఫ్/1.8. ఈ అంకె తగ్గేకొద్దీ లెన్స్ వెడల్పుగా తెరుచుకుంటుంది. ఆ తేడా వల్ల ఇంకో మూడు రెట్లకు పైగా వెలుతురు. రెండూ హెచ్చవేస్తే దాదాపు 14 రెట్లు.

అంటే డబ్ల్యూ830కి 1/15 సెకను పట్టే చోట, అంతే శుభ్రమైన బొమ్మని ఆర్‌ఎక్స్100 ఇంచుమించు 1/200 సెకనులో తీస్తుంది. పిల్లాడు సెకనుకి ఒక మీటరు వేగంతో చెయ్యి ఊపాడనుకోండి. 1/15 సెకనులో ఆ చెయ్యి 7 సెం.మీ. జరుగుతుంది, ఫొటోలో చెయ్యి ఉండదు, చార ఉంటుంది. 1/200లో జరిగేది 5 మి.మీ. వేళ్లు లెక్కపెట్టొచ్చు.

ఇందులో మెగాపిక్సెల్ ఊసే రాలేదు చూశారా? రెండింటివీ ఇంచుమించు 20 మెగాపిక్సెల్సే.

ఇంకొక్క మాట. డబ్బా మీద "స్టెబిలైజర్" అని ఉంటే పిల్లాడు మసకగా రాడని అనుకోకండి. అది తీసేవాళ్ల చేతి వణుకుని సరిచేస్తుంది. ఎదురుగా కదిలేవాణ్ని ఆపలేదు.

#5 కొత్తగా_చేరాను

చిన్న సందేహం. అంగుళం అంటే 25 మి.మీ. కదా? మరి 1 అంగుళం సెన్సర్ వెడల్పు 13 మి.మీ. ఏమిటి?

#6 పాత_లెన్స్

మంచి ప్రశ్న. పాత టీవీ కెమెరాల్లో సెన్సర్ బదులు గాజు ట్యూబ్ ఉండేది. దానికి పేరు ట్యూబ్ బయటి వ్యాసాన్ని బట్టి పెట్టేవాళ్లు. లోపల బొమ్మ పడే చోటు అందులో మూడింట రెండు వంతులు కూడా ఉండేది కాదు. ట్యూబులు పోయినా ఆ పేర్లు పోలేదు. అందుకే అంగుళాల అంకెని నమ్ముకోకుండా మి.మీ.లో కొలత వెతకండి. కంపెనీ వివరాల పేజీల్లో ఎక్కువగా అదీ ఇస్తారు.

#7 నీలిఫ్రేమ్

నేను వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. కొత్త ఫోన్లలో పెద్ద సెన్సర్లు వచ్చాయి, కొన్ని ఖరీదైనవాటిలో 1 అంగుళం రకమే ఉంది. పైగా ఫోన్ ఒక్క క్షణంలో నాలుగైదు ఫొటోలు తీసి కలిపేస్తుంది. 1/2.3 సెన్సర్ ఉన్న చవక కాంపాక్ట్ (జేబులో పట్టే కెమెరా) కొంటే ఇంట్లో దానికన్నా మంచి ఫోనే బాగా తీస్తుంది. "కెమెరా" అన్న పేరు చూసి కొని నిరాశపడినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

కొత్తవి ఎందుకు తక్కువ దొరుకుతాయో కూడా తెలియాలి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కల్లో 2010లో లెన్స్ విడదీయలేని కెమెరాలు 10 కోట్లకు పైగా ఫ్యాక్టరీల నుంచి బయటికెళ్లాయి. 2023లో ఆ అంకె 17 లక్షల చిల్లర. ఫోన్లు ఆ వ్యాపారాన్ని మింగేశాయి. అందుకే తక్కువ ధరలో మంచి కాంపాక్ట్ అంటే చాలావరకు సెకండ్ హ్యాండే.

#8 మల్లెపందిరి

@నీలిఫ్రేమ్ గారూ, మీరన్నది అర్థమైంది. నాకూ ఫోన్ మీద కోపం లేదు. నా ఫోన్‌తో నేను తీస్తే బాగానే వస్తాయి. అమ్మ వేలికి పని చేయకపోవడమే మా ఇబ్బంది. నిన్న గమనించాను: ఆవిడ తెర మీది గుండ్రటి బటన్‌ని గట్టిగా నొక్కి పట్టుకుంటోంది. ఫోన్ దాన్ని వేరేలా అర్థం చేసుకుని వీడియో మొదలుపెట్టింది. ఆవిడ ఫొటో పడిందనుకుని ఫోన్ పక్కన పెట్టేసింది. ఆరు నిమిషాల సోఫా వీడియో ఉంది మా దగ్గర.

@పాత_లెన్స్ గారూ, అమ్మకి మీ మాట చదివి వినిపించాను. "నా తప్పు లేదన్నారా?" అని రెండుసార్లు అడిగింది. చాలా థాంక్సండీ.

#9 వెన్నెల_గీత

నేను చాలాకాలం కెనాన్ వాళ్ల పాత ఐక్సస్ కెమెరాలు వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. ఇప్పుడు కుర్రాళ్లందరూ సీసీడీ అనే పాతరకం సెన్సర్ ఉన్న కెమెరాల వెంట పడుతున్నారు కదా, దానికి కారణం ఉంది. ఆ రంగులు ఫోన్‌లో రావు. చర్మం రంగు వెచ్చగా వస్తుంది, ఫ్లాష్ పడితే ముఖం మెరుస్తుంది. చవకలో దొరికే సీసీడీ కెమెరా ఒకటి కొని ఫ్లాష్‌తో తీసుకోమనండి అమ్మగారిని. ఏ లెక్కలూ అక్కర్లేదు.

#10 పాత_లెన్స్

వెన్నెల గారూ, ఆ ఫొటోల అందం నాకూ ఇష్టమే. కానీ ఆ రంగు సీసీడీ నుంచే వస్తుందంటే ఒప్పుకోలేను. సెన్సర్ మీది రంగు ఫిల్టర్లు, కంపెనీ రాసిన ప్రాసెసింగ్, లెన్స్ అన్నీ కలిస్తే వచ్చే రంగు అది. ఇంట్లో ఫ్లాష్ లేకుండా తీస్తే ఐఎస్‌ఓ (పడిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400 దాటేసరికి ఆ చిన్న సీసీడీల్లో రంగులన్నీ చుక్కలైపోతాయి. మీరు ప్రేమించే ఆ లుక్‌లో సగం భాగం ఎదురుగా కొట్టిన ఫ్లాష్‌దే.

ఫ్లాష్ గురించి మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కాంపాక్ట్‌లో ఉండేది జినాన్ ఫ్లాష్. దగ్గర్నుంచి తీస్తే సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపు వెలిగి ఆరిపోతుంది. ఆ మెరుపులో పరిగెత్తే పిల్లాడు కూడా నిలబడిపోతాడు. ఫోన్‌లో ఉన్న ఎల్‌ఈడీకి ఆ బలం లేదు. అది చిన్న టార్చిలైటు లాంటిది.

ఎదురుగా కొడితే కళ్లు ఎర్రబడటం, వెనక గోడ మీద నల్లటి నీడ. ఆర్‌ఎక్స్100లో దానికి ఒక ఉపాయం ఉంది. ఫ్లాష్ పైకి లేచాక చూపుడు వేలితో వెనక్కి మెల్లగా వంచి పట్టుకోవచ్చు. కాంతి తెల్లటి సీలింగ్‌కి తగిలి మెత్తగా కిందికి దిగుతుంది. పిల్లాడి కళ్లలోకి సూటిగా పడదు కూడా.

#11 వెన్నెల_గీత

వేలితో వంచడం నాకు తెలియదు. నా ఐక్సస్‌లో ఫ్లాష్ ముఖం మీదే ఉంది, వంగదు. రంగు సంగతి ఒప్పుకోను గానీ, ఇంట్లో వెలుతురు సంగతి ఒప్పుకుంటున్నాను.

#12 మల్లెపందిరి

మూడు రోజులు కూర్చుని వెతికాను. సెకండ్ హ్యాండ్‌లో నా బడ్జెట్‌కి అందేవి ఇవి: సోనీ ఆర్‌ఎక్స్100 మొదటి మోడల్, పానసోనిక్ ఎల్‌ఎక్స్7, కెనాన్ ఎస్120. కెనాన్ జీ7ఎక్స్ కూడా చూశాను గానీ అది నాకు అందదు. సోషల్ మీడియా పుణ్యమా అని పాతవాటికి కూడా రేట్లు బాగా పెంచేశారు.

ఎల్‌ఎక్స్7 లెన్స్ ఎఫ్/1.4 అని ఉంది. అంకె చిన్నదైతే మేలన్నారు కదా. మరి అదే తీసుకోనా?

#13 నీలిఫ్రేమ్

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. ఎల్‌ఎక్స్7 (2012) సెన్సర్ 1/1.7 అంగుళాల రకం, 43 చదరపు మి.మీ. లోపే. జూమ్ చేయకుండా తీస్తే ఎఫ్/1.4 ఉన్నా ఆర్‌ఎక్స్100దే పైచెయ్యి, దాని సెన్సర్ అంత పెద్దది. కానీ పూర్తిగా జూమ్ చేసి చూడండి, లెక్క తిరగబడుతుంది. ఆర్‌ఎక్స్100 100 మి.మీ. దగ్గర ఎఫ్/4.9కి పడిపోతుంది. ఎల్‌ఎక్స్7 90 మి.మీ. దగ్గర కూడా ఎఫ్/2.3. అక్కడ ఎల్‌ఎక్స్7 వెనకబడదు, కొంచెం ముందే ఉంటుంది.

ఎస్120 (2013) కూడా అదే 1/1.7 రకం. ఎఫ్/1.8 దగ్గర మొదలై జూమ్ చివర ఎఫ్/5.7. మూడింట్లో అన్నిటికన్నా పల్చగా ఉండేది అదే. పగటి పూట కిటికీ పక్కన చాలా బాగుంటుంది.

అమ్మగారు జూమ్ చేస్తారా, లేచి దగ్గరికి వెళ్తారా? దాన్ని బట్టి ఉంటుంది.

#14 మల్లెపందిరి

ఆవిడ ఎప్పుడూ వాడి పక్కనే నేల మీద కూర్చుని ఉంటుందండీ. జూమ్ చేసేంత దూరం వాడు ఆవిణ్ని వెళ్లనివ్వడు.

#15 ఆదివారం_ఫొటో

అయితే ఆర్‌ఎక్స్100. ఇంకో కారణం కూడా ఉంది. ఎల్‌ఎక్స్7కి లెన్స్ మూత విడిగా ఉంటుంది. కెమెరా ఆన్ చేసే ముందు చేత్తో తీయాలి. మా అన్నయ్య దగ్గర ఉంది, ఆ మూత దారానికి వేలాడుతూ ఉంటుంది. పిల్లాడు లేచి నిలబడుతున్నాడు, అమ్మగారు ఒక చేత్తో వాణ్ని పట్టుకున్నారు. రెండో చేత్తో మూత తీసి బటన్ నొక్కాలంటే కష్టం. ఆర్‌ఎక్స్100కి, ఎస్120కి మూత లెన్స్‌తోపాటే ఉంటుంది, ఆన్ చేస్తే రేకులు వాటంతటవే తెరుచుకుంటాయి.

ఇలాంటి సంగతి ఏ వివరాల పట్టికలోనూ పైన రాయరు. వాడేవాళ్ల చెయ్యి తలుచుకుంటే తప్ప తట్టదు.

#16 కొత్తగా_చేరాను

సెకండ్ హ్యాండ్ అంటే నాకు టెన్షన్. పోయినేడాది ఒకతని దగ్గర ఒక చిన్న కెమెరా కొన్నాను. "వాడకుండా బీరువాలో పెట్టాం, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు. నిజంగానే ఒక్క గీత లేదు. అతని ముందు ఆన్ చేశాను, ఒక ఫొటో తీశాను, బాగుంది. ఇంటికొచ్చి మూడోసారి ఆన్ చేస్తే లెన్స్ సగం బయటికొచ్చి ఆగిపోయింది. గరగరమని చప్పుడు, తెర మీద లెన్స్ ఎర్రర్. అతనికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రిపేరుకి తీసుకెళ్తే కెమెరా ధరకంటే ఎక్కువ చెప్పారు. అక్క కూడా అలా ఇరుక్కోకూడదని రాస్తున్నాను.

#17 పాత_లెన్స్

బాబూ, నువ్వు చెప్పిన జబ్బే కాంపాక్ట్‌లకి అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది. లోపలికీ బయటికీ కదిలే లెన్స్‌లో సన్నటి పళ్ల చక్రాలు, వంగే రిబ్బన్ లాంటి ఫ్లెక్స్ కేబుల్ ఉంటాయి. ఒక్క ఇసుక రేణువు చాలు. వాడకుండా ఏళ్ల తరబడి పెట్టినదైతే ఇంకా అనుమానించాలి. గీతలు లేకపోతే శరీరం బాగున్నట్టు, అంతే.

మల్లెపందిరమ్మా, కెమెరా చూడటానికి వెళ్లేటప్పుడు మీ మెమరీ కార్డ్ ఒకటి, చిన్న టార్చ్ ఒకటి తీసుకెళ్లండి. అరగంట తీరిక పెట్టుకోండి. అమ్మేవాడు తొందరపెడితే కెమెరాతోపాటు అతన్నీ అక్కడే వదిలేయండి.

ముందు చెవి దగ్గర పెట్టుకుని ఆన్, ఆఫ్. పదిసార్లు. ప్రతిసారీ చప్పుడు ఒకేలా ఉండాలి. ఎక్కడైనా తడబడినా, ఒకసారి మెల్లగా ఇంకోసారి గబుక్కున వచ్చినా వద్దు. తర్వాత జూమ్ ఈ చివర్నుంచి ఆ చివరికి పదిసార్లు. కింద పెట్టి పైనుంచి చూడండి, బయటికొచ్చిన లెన్స్ గొట్టం నిటారుగా ఉందా, ఒక పక్కకి ఒరిగిందా? ఒరిగితే ఎప్పుడో కిందపడిందని అర్థం.

రెండోది దుమ్ము. ఈ కెమెరాల లెన్స్ ఊడదీయలేం కాబట్టి సెన్సర్ మీద దుమ్ము చేరితే మనం తుడవలేం. పైన డయల్‌ని 'ఏ' మోడ్‌లో పెట్టి అపర్చర్ అంకె (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఆ ఎఫ్ అంకె) అన్నిటికన్నా పెద్దది, ఆర్‌ఎక్స్100లో ఎఫ్/11, పెట్టండి. పూర్తిగా జూమ్ చేసి తెల్ల గోడని తీయండి. ఆ ఫొటో పెద్దది చేసి మూలమూలా చూడండి. ప్రతి ఫొటోలో ఒకే చోట మసక మచ్చ కనబడితే అది గోడది కాదు.

టార్చ్ ఎందుకంటే, లెన్స్‌లోకి పక్కవాటంగా కాంతి వేస్తే బూజు పట్టిందీ లేనిదీ తెలుస్తుంది. సాలెగూడు నూలుపోగుల్లా ఉంటుంది. తేమ ఉన్న చోట మూసిపెట్టిన కెమెరాలకి పడుతుంది. ఉంటే తీసుకోవద్దు.

ఫ్లాష్ కొట్టి చూడండి. బ్యాటరీ బయటికి తీయండి, ఉబ్బినట్టుంటే బల్ల మీద పెట్టినప్పుడు గిరగిర తిరుగుతుంది. ఫొటో ఫైల్ నంబర్ తక్కువ ఉందని చూపించి "కొంచెమే వాడాం" అంటారు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. 9999 దాటాక నంబర్ మళ్లీ మొదటికొస్తుంది, సెట్టింగ్ మారిస్తే ముందే తిరిగి మొదలవుతుంది.

చివరిగా మెనూ. జపాన్ మార్కెట్ కోసం చేసిన సోనీ మోడళ్లు చాలావాటిలో జపనీస్ తప్ప ఇంకో భాష రాదు. చవగ్గా వచ్చిందని కొన్నాక ఏమీ చదవలేక తలపట్టుకుంటారు. భాషల పేజీ తెరిచి చూశాకే డబ్బులివ్వండి.

#18 నీలిఫ్రేమ్

బ్యాటరీ గురించి ఒక మాట. ఆర్‌ఎక్స్100కి పడేది ఎన్‌పీ-బీఎక్స్1. మొదటి మోడల్ నుంచి 2019లో వచ్చిన ఏడో మోడల్ దాకా అదే బ్యాటరీ, అందుకే ఇప్పటికీ దొరుకుతుంది. పాత కెమెరా కొనేముందు ఎవరైనా ముందు చూడాల్సింది ఇదే. కార్డ్ కూడా. 2010కి ముందు సోనీలు మెమరీ స్టిక్, చాలా ఒలింపస్‌లు ఎక్స్‌డీ కార్డ్ అడుగుతాయి. అవి ఇప్పుడు వెతుక్కోవాలి. బాగా పాత ఎస్డీ కెమెరాలైతే 2 జీబీ దాటిన కార్డుని గుర్తుపట్టవు.

కొత్త కార్డ్ కొన్నాక హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాసి, తిరిగి చదివించి చూడండి. నకిలీ కార్డులు 64 జీబీ అని చూపిస్తాయి, 8 దాటగానే రాసింది పోతుంది. పోయిన ఫొటోలు వెనక్కి రావు.

#19 మల్లెపందిరి

కొనేశాం!

మొదట చూసినది నున్నగా, గీత లేకుండా ఉంది. నాకు చూడగానే నచ్చేసింది. పాత_లెన్స్ గారు చెప్పినట్టు తెల్ల గోడని తీస్తే కుడివైపు పైన రెండు బూడిద రంగు మచ్చలు. కెమెరా కొద్దిగా తిప్పి ఇంకో గోడని తీశాను, అవే రెండు, అదే చోట. దండం పెట్టి వచ్చేశాం. రెండోదానికి ఒక మూల చిన్న సొట్ట ఉంది, పెయింట్ లేచిపోయింది. కానీ లెన్స్ పదిసార్లూ ఒకే చప్పుడు, గోడ శుభ్రంగా వచ్చింది. సొట్ట చూపించి కొంచెం తగ్గించమంటే తగ్గించారు. ఆర్‌ఎక్స్100, మొదటి మోడల్. చార్జర్ విడిగా లేదు, మామూలు మైక్రో యూఎస్‌బీ తీగతో కెమెరాలోనే చార్జ్ అవుతోంది.

అమ్మకి హాఫ్ ప్రెస్ నేర్పడానికి ఒక సాయంత్రం పట్టింది. బటన్ ఒక్కసారిగా కిందిదాకా నొక్కేస్తోంది, ఫోకస్ దొరక్కముందే ఫొటో పడిపోతోంది. "సగం నొక్కి ఆగు" అంటే సగం ఎక్కడో తెలియడం లేదు. చివరికి ఆవిడే అంది, "కుట్టు మిషన్ పెడల్ మీద కాలు ఆనించి, సూది కదలకుండా ఉంచుతాం చూడు, అలాగా?" అని. అంతే. ఆ తర్వాత చూపుడు వేలు బటన్ మీద అలా ఆనించి ఉంచింది. కీక్ మని చప్పుడు, తెర మీద ఆకుపచ్చ గడి, అప్పుడు నొక్కింది. బాబు స్పూను నోట్లో పెట్టుకుని కూర్చున్న ఫొటో. వాడి కంట్లో కిటికీ కనబడుతోంది.

కెమెరా ముందు భాగం జారుతోందని రబ్బరు పట్టీ ఒకటి అంటించాను, మణికట్టు తాడు కట్టాను. బరువు 240 గ్రాములే గానీ గట్టిగా చేతిలో ఉన్నట్టే ఉందంటోంది.

ఒక్కటే సమస్య. కూర్చున్నప్పుడు బాగా వస్తున్నాయి, పరిగెడితే ఇప్పటికీ కాళ్లూ చేతులూ మసకే. ఆటో మోడ్‌లోనే తీస్తోంది.

#20 పాత_లెన్స్

సొట్ట ఉన్నదాన్ని తెచ్చారు, చాలా సంతోషం.

ఆటోలో కెమెరాకి మీ పిల్లాడి వేగం తెలియదు. సాయంత్రమైతే 1/30, 1/60 దగ్గర ఆగిపోతుంది. పైన డయల్‌ని 'ఎస్' (షట్టర్ వేగం మనమే పెట్టుకునే మోడ్) మీదకి తిప్పి షట్టర్ 1/250 పెట్టండి, ఐఎస్‌ఓ ఆటోలో ఉంచండి. కొంచెం చుక్కలు కనబడతాయి, ఫరవాలేదు. చుక్కలున్న ముఖం ముఖమే, అలికిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. జూమ్ ముట్టుకోవద్దు. తెర మీద అపర్చర్ అంకె మినుకుమినుకుమంటే వెలుతురు చాలడం లేదని, ఇంకో లైటు వేయమనండి, లేదా 1/125కి దించండి.

#21 మల్లెపందిరి

మీరు చెప్పినట్టే పెట్టాను. డయల్ మీద 'ఎస్' పక్కన ఎర్ర స్టిక్కర్ చుక్క, ఆటో పక్కన పచ్చ చుక్క అంటించాను. వాడు లేస్తే ఎరుపు, కూర్చుంటే పచ్చ. మొదటి రోజు వాడు నిద్రపోయాక దీపం ఆర్పి ఎరుపులోనే తీసిందట, అంతా చీకటే వచ్చింది. ఇప్పుడు తనే గుర్తుపెట్టుకుని తిప్పుకుంటోంది.

నిన్న ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పనివ్వకుండా కెమెరా చేతిలో పెట్టింది. వాడు సోఫా దగ్గర్నుంచి ఆవిడ మీదకి పరిగెత్తుతున్నాడు. రెండు పాదాలూ గాల్లో ఉన్నాయి. ఎడమ చేతి ఐదు వేళ్లూ విడివిడిగా కనబడుతున్నాయి. అమ్మ కూర్చుని తీసింది కాబట్టి వాడి కళ్ల ఎత్తులోంచే ఉంది. నేను నిలబడి తీసిన వాటిలో ఒక్కటీ అలా లేదు.

దీన్ని పెద్దగా ప్రింట్ వేయించి గోడకి పెట్టమంటోంది. ఎంత సైజు దాకా వేయించొచ్చు? ముఖం దగ్గరగా కనబడేలా చుట్టూ కత్తిరించనా?

#22 పాత_లెన్స్

ఆ ఫైల్ 5472 × 3648 పిక్సెల్స్. అంగుళానికి 300 చుక్కల లెక్కన 18 × 12 అంగుళాలు హాయిగా వస్తుంది. ఇంకా పెద్దదైనా గోడ మీద దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు.

కత్తిరించకండి. కింద నేల ఉండాలి. వాడి పాదాలు రెండూ గాల్లో ఉన్నాయని తెలిసేది నేల కనబడితేనే.